పై వరస హంసలు

సునంద బ్యాగు అడుగున చీరలు పెట్టింది. చీరల మీద రెండు జాకెట్లు, వాటి మీద మడత పెట్టిన దుప్పటి, ఆ మడత మధ్యలో ఆరు పొడుగాటి కాగితాలు. బల్బుల చుట్టూ తొడిగే లాంప్‌షేడ్లు అవి. మా వీధిలో బల్బు టోపీలు అంటారు. చుట్టకుండా, అంటించకుండా, సాపుగా పెట్టింది. బెంగళూరు చేరాక కమ్మీ రింగులకు చుట్టి బంక పూసుకుంటే చాలు. రింగులు పక్క అరలో, గ్రీటింగ్ కార్డుల కట్ట పై అరలో.

నేను గడప దగ్గర కూర్చుని చూస్తున్నాను. ఆ బ్యాగు జిప్పు సగం దూరం వచ్చి ఒకచోట పట్టుకుంటుంది. పట్టుకున్నప్పుడల్లా నాకు కొంచెం ఊపిరి ఆడుతోంది.

"టవలు పెట్టినావా?"

"పెట్టినా."

"ఆధార్ కార్డు?"

"అత్తా, నాలుగోసారి నువ్వు అడిగేది. పెట్టుకుంది అని నా మొగాన ఒక ముద్ర కొట్టి పంపీ."

సునంద నా కోడలు. నా కొడుకు దేవేంద్ర బోర్లు వేసే లారీ మీద ఛత్తీస్‌గఢ్ వెళ్లి ఎనిమిదేళ్లయింది. లారీ బోల్తా పడింది. వాడు తీసుకెళ్లిన నీలం బ్యాగు మాత్రం ఇంటికి చేరింది. వాడి కంటే చాలా ముందు, నా చిన్నప్పటి కరువులో, మా నాయన ఎద్దులను తోలుకుని బళ్లారి కాలువల వైపు వెళ్లాడు. మూట కట్టి ఇచ్చింది మా అమ్మ, ముడి గట్టిగా బిగించమని ఆమె వెనక నిలబడి చెప్పింది నేను. ఆయన ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు. మా ఆయన ఒక్కడే ఇంట్లో పోయాడు, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని. ఆ పోవడం గురించి నాకు కలలు రావు. మూట కట్టుకుని పోయినవాళ్లే కలలోకి వస్తారు.

మగ్గం ఆగిపోయాక సునంద అనంతపురంలో పది రోజులు ఈ కాగితం పని నేర్చుకుని వచ్చింది. కాగితం కత్తిరించడం, రంగులు కలపడం ఆమె పని. ముద్రలు చెక్కడం, కొట్టడం నా పని. అరిగిన రబ్బరు చెప్పు అడుగును బ్లేడుతో చెక్కి, విరిగిన మగ్గం చెక్క ముక్కకు అంటిస్తాను. చీర అంచుల్లో ఉండేవన్నీ నా చేతికి తెలుసు: మామిడి పిందె, రుద్రాక్ష, హంస. ధర్మవరంలో హంసను కళ్లతో చూసినవాళ్లు ఎవరూ ఉండరు. చీర మీద చూసి అందరికీ తెలుసు.

కార్డుల కోసం అక్షరాలు కూడా చెక్కుతాను. ముద్రలో అక్షరం తిరగేసి ఉండాలి గదా, ఎట్లా వస్తుంది నీకు అని అడుగుతుంటారు. నేను చదువు నేర్చింది నలభై ఏళ్లప్పుడు, దేవేంద్ర ఒకటో తరగతి పుస్తకం వాడు నిద్రపోయాక తీసుకుని, అంగడి పొట్లాల కాగితాలు విప్పుకుని. ఏ అక్షరమూ నాకు సులభంగా రాలేదు. కుడి నుంచి చూసినా ఎడమ నుంచి చూసినా ఒకటే కష్టం. అందుకే తిరగేసి చెక్కడం పెద్ద విషయం అనిపించదు.

బెంగళూరులో అనుపమ అనే ఆమెకు ఒక అంగడి ఉంది. అనంతపురం ఎగ్జిబిషన్‌లో మా టోపీలు చూసింది. అప్పట్లో అవి చిన్నవి, కింద ఒక్క వరస హంసలు. కొని తీసుకెళ్లి నెల తర్వాత ఫోను చేసింది. ఇంకా పెద్దవి కావాలి, పైనా కిందా రెండు వైపులా వరసలు ఉండాలి, ఆరు చేసి తీసుకురండి అంది. బాగుంటే అక్కడే ఒక పనిశాల పెడుతుందట. ఎనిమిదిమంది ఆడపిల్లలు, వాళ్లకు నేర్పే పని సునందది, ఉండడానికి గది. మొదట మూడు నెలలు చూద్దాం అంది. మంగళవారం ఇంకో ఇద్దరు కూడా వాళ్ల పని చూపించడానికి వస్తున్నారు, ఎవరిది బాగుంటే వాళ్లకే అని కూడా చెప్పింది. ఆమె దాచుకుని మాట్లాడే మనిషి కాదు.

ఈ రోజు సోమవారం. రైలు నాలుగున్నరకు.

పదకొండుకు సునంద టైలరు దగ్గర జాకెట్టు తెచ్చుకోవడానికి వెళ్లింది. నేను ఒక్కదాన్నే బ్యాగుతో మిగిలాను. కాసేపు దాని వైపు చూడకుండా కూర్చున్నాను. తర్వాత జిప్పు తీశాను. ఎందుకు అంటే ఏం చెప్పను, సర్దినది మళ్లీ సర్దితే కొంత సమయం అవుతుంది. పై కాగితం తీసి, రెండు రింగులకు చుట్టి, బట్టల క్లిప్పులతో పట్టించి, వసారాలోని బల్బుకు తగిలించి స్విచ్చి వేశాను. ఈ పెద్దవాటిని వెలుగులో మేమిద్దరం ఇంతవరకు చూడలేదు.

ముందు బాగుంది అనుకున్నాను. పసుపు కాగితం మీద ఎర్ర హంసలు, చీర పరిచినట్టు రెండంచులు. తర్వాత కళ్లజోడు పెట్టుకున్నాను. కింది వరస హంసలు నిలబడి ఉన్నాయి. పై వరస హంసలు తలకిందులుగా ఉన్నాయి. కోడి అంగట్లో కాళ్లు కట్టి వేలాడదీస్తారే, అట్లా.

తప్పు నాదే. చీరకు రెండంచులు. మగ్గం మీద ఒకటి ఎడమన, ఒకటి కుడిన ఉంటాయి. రెండింటిలోనూ హంస కాళ్లు బయటి కొస వైపుకే. చీర కట్టుకుంటే కింది అంచు హంసలు నేల మీద నిలబడతాయి, పై అంచువి నడుం దగ్గర దోపుడులోకి పోతాయి. అవి నిలబడ్డాయా, వేలాడుతున్నాయా అని ఎవరూ అడగరు. నేను కాగితం ముందు పెట్టుకుని ఒక కొస కొట్టాను, కాగితం తిప్పి రెండో కొస కొట్టాను. నేల మీద పరిచి సునంద కూడా చూసింది. ఆమె నేతగాడి బిడ్డ. ఇద్దరికీ సరిగ్గానే కనిపించింది.

అనుపమ నేతగాడి బిడ్డ కాదు.

స్విచ్చి ఆపేశాను. క్లిప్పులు తీశాను. కాగితం సాపు చేసి, దుప్పటి మడతలో ఎట్లా ఉందో అట్లాగే పెట్టి జిప్పు వేశాను. ఆ సారి జిప్పు ఎక్కడా పట్టుకోలేదు. రేపు అనుపమ వీటిని బల్బుకు తొడుగుతుంది, చూస్తుంది, వద్దంటుంది. ఎల్లుండి సునంద ఇంట్లో ఉంటుంది. నేను ఏమీ చేయనక్కర్లేదు. చేసింది కూడా తెలియక చేసిందే.

సునంద వచ్చింది. ఇద్దరం సంగటి, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరుబిండి పెట్టుకుని కూర్చున్నాం.

"ఏమత్తా, ముద్ద కలుపుతాండావు, తినేది లేదు?"

"తింటాండా."

"నేను పోతే నువ్వు తినవని కుళ్లాయప్పన్నకు చెప్పినా. దినామూ వచ్చి నీ గిన్నె చూసి పోతాడు."

"వాడొచ్చి నా గిన్నె చూసేది కాదు, వాడే తినిపోతాడు."

సునంద నవ్వింది. కుళ్లాయప్ప మా మూడో ఇంటివాడు, మధ్యాహ్నం ఆమెను స్టేషనుకు తీసుకుపోయేది అతని ఆటోనే. చేయి కడుక్కుని ఒక డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. లోపల చిన్న చిన్న పొట్లాలు, మిగిలిపోయిన కాగితం ముక్కలతో కట్టినవి. నా బీపీ మాత్రలు. పొద్దుటివాటి మీద సూర్యుడి ముద్ర, సాయంత్రంవాటి మీద చంద్రుడి ముద్ర. మూడు నెలలకు.

"నాకు చదువొస్తుంది," అన్నాను. "పేరు రాసి పెడితే సరిపోయేది గదా."

"చదువొస్తుంది. కంటద్దాలు యాడ పెట్టింటావో అది తెల్దు గదా."

డబ్బా అడుగున ఉన్న పొట్లాల మీద సూర్యుడితో పాటు చిన్న హంస కూడా ఉంది. అదేమిటని అడిగాను.

"ఆఖరి వారం మాత్రలు. అవి మొదలైనాయంటే నేను వచ్చే వారమని గుర్తు."

ఆమె గిన్నెలు తీసుకుని పెరట్లోకి వెళ్లింది. గిన్నెలు తోమే చప్పుడు విన్నాను. గోడ మీద గడియారం ఒకటిన్నర చూపిస్తోంది. ఇంకో రెండు గంటలు ఊరుకుంటే చాలు. ఊరుకోవడం నాకు కొత్త కాదు, పెళ్లయినప్పటి నుంచీ ఎన్నిటికో ఊరుకున్నాను. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"సునందా, ఆ బ్యాగు తెరువు."

"ఆధార్ కార్డు ఉండాది అత్తా."

"కాయితాలు తీ. పై వరస తలకిందులుగా ఉండాది."

"తలకిందులేంది? అంచు అట్లనే గదా ఉండేది."

"చుట్టి చూడు."

ఆమె ఒక కాగితాన్ని రెండు చేతులతో గుండ్రంగా పట్టుకుని వాకిలి వెలుగుకు ఎత్తింది. ఎంతసేపు చూసిందో. తర్వాత నేల మీద కూర్చుంది.

"ఆరూ ఇట్లనేనా?"

"ఆరూ."

"అయితే నేను పోయేది లేదు ఇంగ," అంది. "ఫోన్ చేసి చెప్తా. కుళ్లాయప్పన్నను రావద్దను."

నేను అడగకుండానే నాకు కావలసింది ఆమె నోటి నుంచే వచ్చింది. సరే అంటే అయిపోయేది. ఆమె ఫోను చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది. ముప్పై ఒక్క ఏళ్ల మనిషి. ఎనిమిదేళ్లలో ఈ ఇంట్లో నా ముఖం తప్ప ఇంకేం చూసింది.

"ఫోన్ ఆడ పెట్టి కత్తెర తీసుకురా," అన్నాను.

చీర అంచును కత్తిరించడం మా ఇళ్లలో ఎవరూ చేయరు. కాగితమే అయినా నా చేయి ఒకసారి ఆగింది. హంసల వరస కింద బద్ద పెట్టి ఆ కొసనంతా పట్టీలాగా కత్తిరించాను. పట్టీని తిప్పి, హంసలు నిలబడేటట్టు, మళ్లీ అక్కడే అంటించాం. అతుకు గీత కనపడింది. దాని మీద రుద్రాక్ష ముద్ర వరసగా కొట్టుకుంటూ పోయాను, గింజ పక్కన గింజ, ఎక్కడా సందు లేకుండా. అతుకు పోయింది. అక్కడ ఏదో కావాలనే వేసినట్టుంది.

రెండో కాగితం కత్తిరిస్తూ సునంద అడిగింది.

"ఎప్పుడు చూసినావు ఇది?"

"నువ్వు జాకెట్టుకు పోయినప్పుడు."

కత్తెర ఆగింది.

"అయితే సంగటి తినేటప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"చెప్పకుంటే బాగుండు అనిపిచ్చిందా?"

"అనిపిచ్చింది."

"మరేంటికి చెప్పినావు?"

"సంగటి గొంతు దిగలేదు."

కత్తెర మళ్లీ కదిలింది. తర్వాత గంటన్నరలో మేం మాట్లాడుకున్నవి బంక ఇటివ్వు, అటు పట్టుకో, అద్దకు ఆరనీ, ఇవే. ఆ గంటన్నర లాంటి సమయం మా ఇద్దరి మధ్య అంతకు ముందు ఉందా అని తర్వాత చాలాసార్లు వెతుక్కున్నాను. మగ్గం నడిచే రోజుల్లో ఉండేదేమో.

మూడున్నరకు ఐదు నిమిషాలు ఉండగా ఆటో వచ్చింది. కుళ్లాయప్ప దిగి వచ్చాడు. లోపలికి తొంగి చూశాడు. ఇల్లంతా కాగితం పట్టీలు, నా రెండు చేతులూ ఎర్రగా ఉన్నాయి.

"ఏం పెద్దమ్మా, కోడలు పోయేపొద్దు కోడిని కోసినావా?"

"హంసల్నప్పా."

"హంసల్నైనా బిన్నా కొయ్యండి. రైలు నా ఆటో గాదు, పిలిస్తే ఆగేదానికి."

ఐదు కాగితాలు పూర్తయ్యాయి. ఆరోదాన్ని కత్తిరించాం గానీ అంటించలేదు. సునంద ఆ రెండు ముక్కలనూ అట్లాగే తీసుకుంది, రుద్రాక్ష ముద్రను పాత గుడ్డలో చుట్టి పక్క అరలో వేసుకుంది. రైల్లో అంటించుకుంటాను అంది. బంక తడి అంటుకోకుండా కాగితాల మధ్య వార్తాపత్రిక పెట్టి ఇచ్చాను. జిప్పు సగంలో పట్టుకుంది. కుళ్లాయప్ప వచ్చి దాన్ని లాగి వేశాడు.

"పోయొస్తా అత్తా."

"పోయిరా."

నేను స్టేషనుకు వెళ్లలేదు. నేను ఎవరినీ స్టేషను దాకా సాగనంపను.

మర్నాడు సాయంత్రం ఫోను చేసింది. అనుపమ ఆరింటినీ బల్బులకు తొడిగి చూసిందట. హంసల కంటే ఆ రుద్రాక్ష వరస దగ్గరే ఎక్కువసేపు నిలబడిందట. ఈ ఆలోచన ఎవరిది అని అడిగితే, మా అత్తది అని చెప్పిందట. మిగతా ఇద్దరి పని చూడకముందే గది తాళం చెవి సునంద చేతిలో పెట్టింది. ఇది చెబుతున్నంతసేపూ ఆమె గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు. చాలా చిన్న పిల్లది ఎవరో మాట్లాడుతున్నట్టుంది. నేను మంచిది అన్నాను. తిన్నావా అని అడిగాను.

మూడు నెలలకు రావలసింది, దసరా దీపాల పని మీద పడింది. ఆ తర్వాత ఒకసారి టికెట్టు తీసుకుంది. అంతకు ముందు రోజు వానకు గోదాములో కాగితమంతా తడిసింది. నన్నే అక్కడికి రమ్మంది. కళ్లు కనపడవు, ప్రయాణం చేయలేను అన్నాను. అందులో సగమే నిజం. ముద్రలు మాత్రం చెక్కి కొరియర్‌లో పంపుతుంటాను. మరుసటి ఏడాది అక్కడే కాగితం పని చేసే శశికుమార్ అనే అతను పెళ్లి చేసుకుందామని అడిగాడట. నాకు ఫోను చేసి, ఏం చెయ్యమంటావు అత్తా అంది. చేసుకో అన్నాను. ఈసారి ఆలోచించుకోవడానికి నాకు రెండు గంటలు పట్టలేదు. రెండోసారి టికెట్టు తీసుకునేసరికి కడుపుతో ఉంది, డాక్టరు ప్రయాణం వద్దంది. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. వచ్చే నెల వస్తా అంటుంది. సరే అంటాను.

సునంద రెండు వేల ఇరవై మూడు జూన్ పంతొమ్మిదో తేదీ, సోమవారం, మధ్యాహ్నం మూడున్నరకు ఇంట్లోంచి వెళ్లింది. తిరిగి రాలేదు.