అట్ట మీద నడిమధ్య

హెడ్మాస్టరు ఉద్యోగమంత దిక్కుమాలిన ఉద్యోగం ఇంకోటి లేదు. వానకు గది కారితే నన్నే అడుగుతారు, సుద్దముక్కలు అయిపోతే నన్నే అడుగుతారు. ఆఖరికి భారతదేశం నడిమధ్య ఎక్కడుందన్న తగవు కూడా నా నెత్తినే పడింది. అది అరవై అయిదులో, పాకిస్తాన్‌తో యుద్ధం ఆగిన కొత్తలో, మా జహీరాబాద్ బడిలో.

ఇదంతా మా జాగ్రఫీ మాస్టరు హఫీజుద్దీన్ వల్ల. నాకంటే పెద్దవాడు, రెండేళ్లలో రిటైరు కావాలి. కోహీర్‌లో సొంత ఇల్లు మొదలుపెట్టాడు. గోడలు లేచాయి గాని పైకప్పు లేదు. పింఛను వస్తే వేసుకుందామని ఆయనా, భార్య తాజ్ బేగమూ ఎదురుచూస్తున్నారు.

పాఠం చెప్పడంలో ఆయనకో పిచ్చి ఉంది. దేశపటాన్ని అట్ట మీద గీసి, అంచు వెంట కత్తిరించి, ఒక చివర చిల్లు పొడిచి గోడ మేకుకు వేలాడదీస్తాడు. అదే మేకు నుంచి రాయి కట్టిన దారం వదిలి, దారం పడ్డ చోట గీత గీస్తాడు. అట్టను తిప్పి, ఇంకో చివర నుంచి వేలాడదీసి మళ్లీ గీత. రెండు గీతలు కలిసిన చోట కింద వేలు పెడితే అట్ట పడిపోకుండా నిలబడుతుంది. అదే నడిమధ్య అంటాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగడు. అండమాన్ దీవులను ఏం చేయాలి? చీపురుపుల్లతో అతికిస్తే పుల్ల బరువు లెక్కలోకి వస్తుంది, వదిలేస్తే అక్కడి జనం మనవాళ్లు కాదా అంటాడు. గోవా మనలో కలిసినప్పుడు పాత అట్ట పక్కన పెట్టి కొత్తది కోశాడు. ఇంత చిన్న ముక్కకు కొత్త అట్ట ఎందుకండీ అంటే, "చిన్నదైనా జాగకు బరువుంటది గద సాబ్" అన్నాడు. అందరిలాగే నేనూ దేశానికి నడిమధ్య నాగపూర్ అంటే, భూమిని బట్టా, రైలు పట్టాలను బట్టా, మనుషులను బట్టా అని తిరిగి అడిగాడు. మన ఊరినే చూడండి, ఇంచు కదలకుండా మొన్నటిదాకా బీదర్ జిల్లాకు ఈ చివర, యాభై ఆరు నుంచి మెదక్ జిల్లాకు ఆ చివర అయింది, హద్దు కదిలితే మధ్య కదలదా అనేవాడు. ఆయనతో మాట్లాడి వస్తే నాకు తల పగిలిపోయేది.

యుద్ధం ఆగాక ఎనిమిదో తరగతి పిల్లలు ఆయన్ని అడిగారట, కాశ్మీరులో పక్కవాళ్ల చేతిలో ఉన్న జాగ కూడా లెక్కలోకి వస్తుందా అని. ఇంకో మాస్టరైతే నోరు మూసుకొని కూర్చోండని ఉండేవాడు. ఈయన రెండు అట్టలు కోశాడు. ఒకటి నిండు దేశం. రెండోది మన చేతిలో ఉన్నంత వరకే. మధ్యలు రెండు చోట్ల తేలాయి.

సరిగ్గా అప్పుడే రామ్‌కిషన్ తరగతిలోకి వచ్చాడు. ఆయనది బట్టల దుకాణం, బడి కమిటీలో మెంబరు. జవాన్ల ఫండు కోసం పిల్లల చేత పాట పాడిద్దామని వచ్చాడు పాపం. బల్ల మీద తల తెగిన దేశం, పక్కన తెగిన ముక్క, ముసల్మాను మాస్టరు చేతిలో కత్తెర కనబడ్డాయి. రామ్‌కిషన్ తమ్ముడు ఫౌజులో ఉన్నాడు. యుద్ధం జరిగినన్నాళ్లూ అతని నుంచి జాబు లేదు.

"ఇదేంది మాస్టర్ సాబ్, మావోళ్లు అక్కడ పానాలిస్తుంటే మీరు ఇక్కడ కోసి పడేస్తున్రా?" అన్నాడు.

హఫీజుద్దీన్ ఆయనకు కూడా దారం, రాయి చూపించి పాఠం మొదలుపెట్టాడట. ఆ సమయంలో చెప్పవలసిన పాఠమా అది? వినగానే నాకు నుదురు కొట్టుకోవాలనిపించింది.

ఫిర్యాదు జిల్లాకు పోయింది. ఆఫీసరు విచారణకు వస్తున్నాడని, తప్పు రుజువైతే కొలువు పోతుందని కబురు వచ్చింది. కొలువు పోతే పింఛనూ పోయినట్లే. నేను రామ్‌కిషన్ దుకాణానికి వెళ్లి బతిమాలాను.

"నాకు ఆయన మీద పగేం లేదు సార్. కాని ఆ ముక్క చూస్తే కడుపుల మండింది. ఇప్పుడు ఎట్ల వాపస్ తీసుకోవాలె?" అన్నాడు. ఆయన మాటలోనూ అబద్ధం లేదు.

అక్కడి నుంచి కాళ్లీడ్చుకుంటూ హఫీజుద్దీన్ ఉంటున్న అద్దె ఇంటికి పోయాను.

"ఎలుక కొరికిందని చెప్పుండ్రి హఫీజ్ సాబ్. అయిపోతది."

"ఎలుక అంత సాఫ్‌గ కోస్తదా?"

"అయితే పొరపాటైందనుండ్రి. ఆఫీసర్ ఏదంటే దానికి ఊ అనుండ్రి. మీ సొమ్మేం పోతది?"

"పొరపాటైతే నేనే అంటుంటి సాబ్. పిల్లలు అడిగిన్రు, చేసి చూపిన. జాగ మనది కాదని నేను అనలే. అది కలిపితే మధ్య ఒక దిక్కుంటది, కలపకపోతే ఇంకో దిక్కుంటది. గంతే."

లోపలి గది పరదా వెనక నుంచి తాజ్ బేగం మాట వినిపించింది. "సదాశివ భాయ్, మీరన్నా జర గట్టిగ చెప్పుండ్రి. నా మాట వినడు. ఈ ఫికర్‌తోని నాకు అన్నం సయిస్తలేదు."

ఆమె గొంతు వింటే హఫీజుద్దీన్ మీద నాకు ఒళ్లు మండిపోయింది. ఇల్లాలిని ఏడిపించే లెక్క ఎవరికి కావాలి? ఆ మాట ఆయన ముఖం మీదే అనేసి వచ్చాను.

వారం తిరక్కుండా ఆఫీసరు వచ్చాడు. మంచివాడే. న్యాల్‌కల్ బడి చూసుకొని, ఒంటినిండా దుమ్ముతో వచ్చాడు. హైదరాబాద్ బస్సు దాటిపోతుందేమోనన్నదే ఆయన ఆదుర్దా. ఎనిమిదో తరగతిలోనే కుర్చీ వేయించాను. రామ్‌కిషన్ కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"మాస్టారూ, ఈ ముక్క మనది కాదా?"

"మనదే సాబ్."

"మరెందుకు కోశారు?"

హఫీజుద్దీన్ చెప్పసాగాడు. అండమాన్ దీవుల దగ్గరికి వచ్చేసరికి ఆఫీసరు చేయి ఎత్తి ఆపాడు.

"పెద్దవారు, మిమ్మల్ని ఇంటికి పంపాలని నాకేమీ లేదు. ఆ ముక్క అతికించేయండి. ఇక్కడే, అందరి ముందూ. సర్దుబాటయిందని రాసుకొని నేను వెళ్లిపోతాను."

బడి ఊడ్చే ఎల్లమ్మ మైదాపిండి ఉడికించి జిగురు తెచ్చింది. హఫీజుద్దీన్ ముక్కను అంచుకు అంచు కలిపి, వెనక మందపాటి కాగితపు పట్టీలు వేసి అతికించాడు. తడి పట్టీ మాటిమాటికీ లేచిపోతోంది. అది చూసి రామ్‌కిషన్ దగ్గరికి వచ్చి, ఊడకుండా ఒక మూల వేలితో నొక్కి పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"బాగుంది. ఇప్పుడు పిల్లలకు మధ్య చూపించండి" అన్నాడు ఆఫీసరు, తేలికపడి.

హఫీజుద్దీన్ అట్టను మేకుకు తగిలించాడు. దారం వదిలాడు, గీత గీశాడు. తిప్పి తగిలించి మళ్లీ గీశాడు. తడి జిగురు, పట్టీల బరువు అంతా తల దిక్కునే ఉంది. గీతలు కలిసిన చోటు నిండు అట్ట మధ్య కాదు, కోసిన అట్ట మధ్య కాదు. రెండింటికీ పైన ఎక్కడో తేలింది. అది ఏ దేశానికీ మధ్య కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆయన దగ్గర చదివే పిల్లలకు తెలుసు, నాకూ తెలుసు.

"అదేనా మధ్య?" ఆఫీసరు గడియారం చూసుకుంటూ అడిగాడు.

హఫీజుద్దీన్ నా వైపు చూశాడు. అవునని చెప్పేయమని కళ్లతోనే బతిమాలాను. ఆయన రాయి కట్టిన దారం చుట్టి పక్కన పెట్టాడు.

"మీరు ఎక్కడంటే అక్కడే సాబ్" అన్నాడు.

ఆఫీసరు నవ్వి లేచాడు. కొలువు నిలబడింది, పింఛను నిలబడింది. ఇన్ని రోజులుగా ఆయన నోట రప్పించాలని నేను తంటాలు పడ్డ మాట అదే. తీరా వచ్చాక వినలేకపోయాను.

ఆఫీసరును సాగనంపడానికి రామ్‌కిషన్ వెంట వెళ్లాడు. పిల్లలు పెన్సిళ్లు పట్టుకొని అలాగే కూర్చున్నారు. ముందు వరుసలోంచి హాజిరా అనే పిల్ల లేచి నిలబడింది.

"సార్, గదే రాసుకోవాల్నా?"

"రాసుకో బేటీ" అన్నాడు హఫీజుద్దీన్.