వదినగారూ, మీరు కొట్టండి

ఎముకల వార్డులో నర్సమ్మ గొంతు లేచిందంటే, కాలికి కట్టు ఉన్నవాళ్ళు కూడా మంచం మీద సర్దుకుని కూర్చునేవారు. ఉద్యోగం నుంచి దిగిపోయిన తర్వాత కూడా ఆ గొంతు తగ్గలేదు. వీధి చివర ఆడుకుంటున్న పిల్లల్ని మేడ మీద నుంచే మందలించగలదు. అలాంటి మనిషి తన వియ్యపురాలి ముందు మాత్రం నోట్లో థర్మామీటరు పెట్టినట్టు ఉండిపోయేది.

దానికి కారణం కూతురు. పెళ్ళి కుదిరిన నాడే తల్లి రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను. మా అత్తగారి దగ్గర మాత్రం నీ వార్డు గొంతు తీయకు. ఆవిడ ఒకరి చేత మాట పడే మనిషి కాదట."

ఆ అత్తగారికి బట్టలు కుట్టే దుకాణం ఉంది. అందరూ టైలరమ్మ అనేవారు. సన్నగా, పొడుగ్గా, మెడలో కొలత టేపుతో ఉండేది. నర్సమ్మ ఎప్పుడు వెళ్ళినా "రండి వదినగారూ, కూర్చోండి వదినగారూ" అనేది తప్ప మరో మాట ఉండేది కాదు. ఆ మౌనం చూసి, అబ్బాయి తల్లినన్న బిగువు కాబోలు అనుకునేది నర్సమ్మ.

ఖాళీగా ఇంట్లో కూర్చుని తల్లి బరువెక్కుతోందని కూతురు ఆవిణ్ణి షటిల్ ఆడే హాల్లో చేర్పించింది. మొదటి సాయంత్రం లోపలికి అడుగుపెట్టి నర్సమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. బెంచీ మీద వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నది సాక్షాత్తూ వియ్యపురాలే. మిషను మీద వంగి వంగి మెడ పట్టేస్తోందని కొడుకు పంపించాడట.

"అయ్యో, మీరా వదినగారూ!"

"మీరూ వచ్చారా వదినగారూ!"

ఆ హాల్లో ఆట నేర్పేది పగలంతా కారు నడపడం నేర్పే ఆవిడ. డ్రైవరమ్మ అని పిలిచేవారు. వీళ్ళిద్దరూ చుట్టాలని తెలియగానే ఆవిడ సంబరపడిపోయి, "ఇంకేం, జోడీ కుదిరింది" అని ఒకే వైపు నిలబెట్టేసింది.

విడివిడిగా చూస్తే ఇద్దరిలో ఎవరి ఆటకీ లోటు లేదు. నర్సమ్మ చదువుకునే రోజుల్లో ఆడిన ఆట, చెయ్యి మరిచిపోలేదు. టైలరమ్మ మణికట్టు సంగతి చెప్పనక్కరలేదు, నెట్ దగ్గర షటిల్‌ని సూదిలోకి దారం ఎక్కించినట్టు వదిలేది. తీరా ఇద్దరూ కలిసి ఆడితే మాత్రం చిన్న పిల్లలకి కూడా ఓడిపోయేవారు. షటిల్ ఇద్దరి మధ్యకి వచ్చిందంటే చాలు, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. అది నిదానంగా వాళ్ళ మధ్య నేల మీద వాలేది.

"మీరు కొడతారేమోనని ఆగాను వదినగారూ."

"అబ్బే, మీకు అడ్డం రావడం ఎందుకని నేనే ఆగాను."

వీళ్ళ క్షమాపణలు పూర్తయ్యేలోగా అవతలివాళ్ళు మళ్ళీ సర్వీస్ చేసేసేవారు. అదీ పోయేది.

డ్రైవరమ్మ తల పట్టుకుంది. "ఏమ్మా, నాలుగురోడ్ల కూడలిలో రెండు కార్లు ఆగి, ముందు మీరంటే ముందు మీరంటుంటే వెనక జనం ఏమైపోవాలి? ఇది ఆటా, వియ్యాలవారి విందా?"

జోడీ మార్పించుకోవాలని నర్సమ్మకి ఎన్నోసార్లు అనిపించింది. కానీ అడగడం ఎలా? వియ్యపురాలు నాకు వద్దు అని నలుగురిలో అనడమే కదా అది. రేపు ఆ మాట ఇంటికి చేరితే కూతురు ఏ మొహం పెట్టుకుని తిరుగుతుంది? అలా సర్దుకుపోతూ ఉండగానే ఊళ్ళో జోడీల పోటీలు దగ్గర పడ్డాయి. డ్రైవరమ్మ వీళ్ళని అడక్కుండానే పేర్లు ఇచ్చేసింది.

ఒక సాయంత్రం ఆడుతుండగా షటిల్ బాగా పైకి లేచింది. టైలరమ్మ తల పైకెత్తి, దాన్నే చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తోంది. ఆవిడ వెనకే పక్క కోర్టు ఇనుప స్తంభం ఉంది. ఇంకొక్క అడుగు వేస్తే తల పగలడం ఖాయం. నర్సమ్మ వార్డు నర్సుగా బతికిన మనిషి. ఆలోచించే వ్యవధి లేకపోయింది.

"ఆగవే! నాదది! తప్పుకో!"

హాలు హాలంతా దద్దరిల్లింది. టైలరమ్మ ఉన్నచోటే బిగుసుకుపోయింది. నర్సమ్మ ముందుకు దూకి కొట్టిన దెబ్బకి షటిల్ అవతలి మూలలో పడింది. అప్పుడు గానీ తను ఏమందో నర్సమ్మకి తెలిసిరాలేదు. ఆగవే! వియ్యపురాలిని పట్టుకుని 'వే' అంది.

టైలరమ్మ రాకెట్ బెంచీ మీద పెట్టి, చేతులు కడుక్కునే గదిలోకి వెళ్ళిపోయింది.

నర్సమ్మకి కూతురు పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డట్టు కళ్ళకి కట్టింది. గుండె చిక్కబట్టుకుని లోపలికి వెళ్ళింది. టైలరమ్మ కుళాయి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. భుజాలు కదులుతున్నాయి.

"వదినగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. నోరు జారింది. నా మీది కోపం మా అమ్మాయి మీద చూపించకండి, అది ఏ పాపం ఎరగదు..."

టైలరమ్మ ఇటు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు. ఊపిరాడనంత నవ్వు.

"ఏమన్నారు? ఆగవే అన్నారా? మా అక్క పోయాక నన్ను 'వే' అన్నవాళ్ళు లేరండీ! ఎంత పెద్ద గొంతు! ఇన్నాళ్ళూ దాన్ని ఎక్కడ దాచారు?"

"దాచమంది మా అమ్మాయి. మీరు మాట పడరని చెప్పింది."

"మావాడు నాకేం చెప్పాడో తెలుసా? అమ్మా, అత్తయ్యగారు చాలా మెత్తటి మనిషి, గట్టిగా మాట్లాడితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, నీ నోరు కాస్త అదుపులో పెట్టుకో అన్నాడు. అందుకే మీరొస్తే పెదవులు కుట్టేసుకుని కూర్చునేదాన్ని."

"నేనా? మెత్తటి మనిషినా?" నర్సమ్మకి నిజంగానే కోపం వచ్చింది. "నా గొంతు వింటే విరిగిన ఎముక కూడా తిన్నగా అతుక్కునేది!"

"నా నోటికి జడిసి గుడ్డలు తెచ్చేవాడు వీధి మలుపు నుంచే దండం పెడతాడు!"

ఇద్దరూ గోడకి చేరబడి పొట్టలు పట్టుకున్నారు. ఏమైందో అని తొంగి చూసిన డ్రైవరమ్మ, చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

"ఇదిగో," అంది టైలరమ్మ కళ్ళు తుడుచుకుని. "గీతల లోపల నువ్వూ నేనే. మర్యాదలన్నీ బయట చూసుకుందాం."

ఆ రోజు నుంచి ఆట దారిలో పడింది. నర్సమ్మ వెనక నుంచి బాదేది, టైలరమ్మ నెట్ దగ్గర కోసేది. మధ్యలోకి వచ్చినదానికి ఎవరో ఒకరు 'నాది' అని అరిచేవారు, రెండోవాళ్ళు పక్కకి జరిగేవారు. తప్పు చేసినవాళ్ళకి అక్కడికక్కడే చీవాట్లు. కానీ ఆ చీవాట్లు మరుసటి సర్వీస్ దాకా కూడా నిలిచేవి కావు. అండగా ఇంకో మనిషి ఉందన్న ధైర్యం నర్సమ్మకి కొత్త. ఎందుకంటే వార్డులో ఎప్పుడూ అందరికీ ఆ అండ తనే.

పోటీల నాడు టైలరమ్మ కొడుకూ కోడలూ చూడ్డానికి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఎదుటి జోడీ ఒకే బడిలో పనిచేసే లెక్కల టీచర్లు. ఆట మొదలైన కాసేపటికే పిల్లలిద్దరి మొహాలూ పాలిపోయాయి.

"కళ్ళు నెత్తి మీద పెట్టుకున్నావుటే? అంత తేలికది వదిలేశావు!"

"నువ్వు ముందు కాళ్ళు కదుపు, తర్వాత నాకు చెబుదువుగాని!"

కోడలు మొగుడి చెయ్యి పట్టుకుంది. "అయిపోయింది. మనం ఊరు మారిపోదాం."

విరామం ఇవ్వగానే అతను నీళ్ళ సీసాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, అత్తయ్యగారూ, కాస్త శాంతించండి. అసలు గొడవ ఎక్కడ మొదలైంది?"

"వాళ్ళ సర్వీస్‌తో మొదలైంది," అంది టైలరమ్మ.

"బాబూ, నువ్వు కాస్త జరిగితే డ్రైవరమ్మ ఏం చెబుతోందో వింటాం," అంది నర్సమ్మ, సీసా అందుకుని ముందు వియ్యపురాలికి ఇస్తూ.

అతను వెళ్ళి పెళ్ళాం పక్కన కూలబడ్డాడు. "దెబ్బలాట కాదు. ఏమిటో నాకూ తెలీదు. కానీ గెలుస్తున్నారు."

నిజంగానే గెలిచారు. ఆ తర్వాత ఇంకో జోడీ మీద కూడా గెలిచి, చివరి ఆటకి వచ్చారు. అక్కడ లైబ్రరీలో పనిచేసే ఆవిడా, ఆవిడ ఆడపడుచూ చెమటలు కక్కించారు. చిట్టచివరి పాయింటు నర్సమ్మ చేతికి వచ్చింది. ఎగిరి బాదింది. షటిల్ తిన్నగా వెళ్ళి నెట్‌లో చిక్కుకుంది.

ఆట పోయింది. టైలరమ్మ నెట్ దగ్గరికి నడిచి, చిక్కుకున్న షటిల్‌ని వేలితో తీసి చూపించింది.

"ఇంత వెడల్పు నెట్ కనపడలేదుటే నీకు?"

"కనపడింది కాబట్టే తప్పిపోకుండా దాంట్లోకే కొట్టాను."

టైలరమ్మ ఆవిడ మెడ చుట్టూ చెయ్యి వేసి నవ్వింది. అవతలి వదినా ఆడపడుచూ నెట్ కింద నుంచి దూరి ఇటు వచ్చేశారు. నలుగురూ చేతులు కలుపుకుని అరిచిన అరుపులకి, గెలిచిందెవరో కొత్తగా వచ్చినవాళ్ళకి తెలియలేదు.

పిల్లలకి బండి మీద వెళ్ళమని చెప్పి ఇద్దరూ బస్సు ఎక్కారు. ఎక్కిన దగ్గర నుంచీ ఆ ఆఖరి దెబ్బ గురించే వాదన. నర్సమ్మ లేచి నిలబడి గొడుగుతో కొట్టి చూపించింది. ముందు సీటాయన తల వంచుకున్నాడు. కండక్టరు కూడా ఆగి, మోచెయ్యి కిందికి ఉండిపోయిందని తన అభిప్రాయం చెప్పాడు. ఆ గోలలో దిగాల్సిన చోటు ఎప్పుడో దాటిపోయింది. బస్సు ఆఖరి స్టాపులో ఖాళీ అయ్యాక చూసుకుని, వెనక్కి నడక మొదలుపెట్టారు. ఇంకా పొద్దు వాలలేదు. రోడ్డు చల్లగా ఉంది.

ఫోన్ మోగింది. "అమ్మా, ఎక్కడున్నారు? మా అత్తయ్య నీ మీద కోపంగా ఉందా?"

"చాలా కోపంగా ఉందే తల్లీ. పొద్దున్నే హాలు తెరిపించి నా చేత అదే దెబ్బ మళ్ళీ మళ్ళీ కొట్టిస్తుందట."

"ఫోన్ పెట్టెయ్యవే, ముందు చెయ్యి చూపించు," అంది టైలరమ్మ.

నర్సమ్మ ఫోన్ సంచిలో పడేసి, రోడ్డు పక్కన నిలబడి చెయ్యి పైకెత్తింది. "ఇలాగా?"

"ఊహూఁ. మోచెయ్యి ఇంకా పైకి."