కుడి పట్టె మీది నంబరు

నేను ఒక పికప్ ట్రక్కు ఫ్రేమును. ఈ ఏడాది మార్చి పన్నెండు, మంగళవారం ఉదయం పదకొండుంబావుకు విజయవాడ ఆటోనగర్‌లో నా చాసిస్ నంబరులోని చివరి మూడు అంకెలు గ్రైండరు కింద అరిగిపోయాయి.

గ్రైండరు పట్టుకున్న మనిషి పేరు పరంజ్యోతి. వయసు అరవై ఒకటి. ఫ్రేము పని ఎవరికివ్వాలని ఆటోనగర్‌లో పదిమందిని అడిగితే ఎనిమిది మంది చెప్పే పేరు అతనిది. మిగిలిన ఇద్దరూ అతని తమ్ముళ్లు, వాళ్లకు సొంత షెడ్లున్నాయి.

అతను అజాగ్రత్తగా పని చేయలేదు. జరిగింది రాయాలంటే ఇది ముందు రాయాలి. నా కంపెనీ బండ్లు నలభై ఏళ్లలో పదకొండు అతని చేతి మీదుగా వెళ్లాయి. పదకొండింటికీ నంబరు ముందు కొమ్ము మీద, అంటే పట్టె ముందుకు పొడుచుకొచ్చే కొస మీద, ఎడమ కమాను కట్టను బిగించే చోటికి పైన ఉంది. నా ముందు కొమ్ము మీద కూడా అతను సుద్దముక్కతో సున్నా చుట్టాడు. అక్కడ గ్రైండరు పెట్టవద్దని, చేత్తోనే కిరసనాయిలు గుడ్డతో తుడవాలని తనకు తాను చెప్పుకున్నాడు. మిగతా ఒంటి మీద తుప్పు గీకాడు. నేను పన్నెండోదాన్ని. నా నంబరు కుడి పట్టె మీద, ముందు చక్రం వెనక, మూడు పొరల తారు కింద ఉంది. అనుభవం లేనివాడైతే నంబరు కోసం ఒళ్లంతా వెతికేవాడు.

నేను 1968లో తయారయ్యాను. రెండు పొడవాటి ఉక్కు పట్టెలు, వాటి మధ్య ఐదు అడ్డపట్టెలు, నూట పన్నెండు రివెట్లు. నిచ్చెనను పడుకోబెడితే ఎలా ఉంటుందో అలా ఉంటాను. ఇంజను, క్యాబిను, వెనక పెట్టె అన్నీ నా మీదే కూర్చుంటాయి. జనం చూసేది వాటిని. రంగు వేసేది వాటికి. కొబ్బరికాయ కొట్టేది వాటి ముందు. యాభై ఏళ్లలో నన్ను చూడటానికి వంగినవాళ్లు మెకానిక్కులు, కుక్కలు, బ్రేకు ఇన్‌స్పెక్టర్లు. నన్ను తయారు చేసిన కంపెనీ మూతబడి ముప్పై ఏళ్లయింది. నేను ఉన్నాను.

మొదట వ్యవసాయ శాఖలో విత్తనాల బస్తాలు మోశాను. పదమూడేళ్లు. అక్కడ నాకు బరువు తక్కువ, సంతకాలు ఎక్కువ. తర్వాత వేలంలో అనకాపల్లి బెల్లం వ్యాపారి ఒకాయన కొన్నాడు. టన్ను మోయమని చేసిన బండి మీద రెండున్నర టన్నులు వేశాడు. దిమ్మలు ఎడమ పక్క ఎక్కువ పేర్చేవాడు, దించుకోవడానికి వీలుగా. పదిహేనేళ్లు అలా తిరిగాను. నా ఎడమ పట్టె నడుము దగ్గర ముప్పావు అంగుళం కిందికి దిగింది. ఎడమ కమాను కట్ట చదునైపోయింది. కమాను కట్ట అంటే విల్లులా వంచిన ఉక్కు పట్టీల దొంతర. గుంతలో చక్రం పడితే ఆ దెబ్బ నాకు తగలకుండా మధ్యలో కాచుకునేది అదే. ఆయన బండి అమ్మేటప్పుడు ఎడమకు ఒరుగుతుందని ఒప్పుకున్నాడు. రోడ్లు బాగాలేవని కారణం చెప్పాడు.

1996లో కడియం నర్సరీ వాళ్లకు చేరాను. కొన్నది సూర్యచంద్రం, నడిపింది అతని భార్య సత్యవతి. సూర్యచంద్రానికి స్టీరింగు పట్టుకుంటే చేతులు చెమటలు పట్టేవి. ఆమె నెలరోజుల్లో నేర్చుకుంది. ఇరవై ఏడేళ్లు మొక్కలేసుకుని విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం తిరిగింది. ఆమె ఎడమకు ఒరిగిన బండిని నిటారుగా నడిపించే పద్ధతి కనిపెట్టింది. మట్టి కుండీలు కుడి పక్క, ప్లాస్టిక్ సంచుల మొక్కలు ఎడమ పక్క.

నిరుడు డిసెంబరులో బండి రిజిస్ట్రేషన్ గడువు మీదికొచ్చింది. మార్చి ముప్పై ఒకటి లోపు తనిఖీలో నెగ్గకపోతే బండి రోడ్డెక్కడానికి వీల్లేదు. సత్యవతి మరిది బాపిరాజు పాత ఇనుము కొనేవాణ్ణి ఇంటికి తీసుకొచ్చాడు. వాడు నా చుట్టూ ఒకసారి తిరిగి, కాలితో తన్ని, కిలో లెక్కన అడిగాడు.

“కొత్తది తీసుకుందాం వదినా. ఏసీ ఉంటాది,” అన్నాడు బాపిరాజు.

“మొక్కలకా, నీకా?” అంది సత్యవతి.

“జనం నవ్వుతున్నారు వదినా, ముసలి బండేసుకుని తిరుగుతున్నావని.”

“నేను ఎక్కిన మొదట్రోజు కూడా నవ్వేరయ్యా. ఆడది బండి తోలుతుందని. ఆళ్ల నవ్వులకి అప్పుడు ఆగేనా, ఇప్పుడు ఆగడానికి?”

ఫిబ్రవరి పంతొమ్మిదిన ఆమె స్వయంగా నన్ను ఆటోనగర్‌కు నడిపించుకొచ్చింది.

పరంజ్యోతి బండి విప్పించాడు. క్యాబిను ఒక పక్క, పెట్టె ఒక పక్క, ఇంజను చెక్కదిమ్మల మీద. నన్ను నాలుగు స్టాండ్ల మీద ఎక్కించి, నాలుగు మూలల నుంచి గుండు దారం వదిలి, దారం నేలను తాకిన చోట సుద్దతో చుక్కలు పెట్టాడు. తర్వాత ఆ చుక్కల మధ్య మూల నుంచి మూలకు టేపు పట్టాడు. రెండు కొలతలూ ఒకటే అయితే ఫ్రేము చదరంగా ఉన్నట్టు. నాకు ఐదు సూతులు, అంటే అర అంగుళం పైన తేడా వచ్చింది. అతను మళ్లీ కొలిచాడు. అదే వచ్చింది.

“మార్చెయ్ పరంజ్యోతీ. వేరే బండిది ఫ్రేము దొరుకుద్ది. నంబరు ముక్క కోసి దానికి అతికిద్దాం,” అన్నాడు రవాణా కార్యాలయం పనులు చేయించే పక్క షెడ్డు ఏజెంటు గురవయ్య.

పరంజ్యోతి గొలుసులు, జాకీలు తెప్పించాడు. దిగిన చోట మంటతో వేడి చేసి, జాకీ ఒక్కో మెట్టు ఎత్తి, చల్లారనిచ్చి, టేపు పట్టాడు. ఒక్క రోజులో లేపితే పగులుతుందని అతనికి తెలుసు. నాలుగు రోజులు తీసుకున్నాడు. నేను సులభంగా లేవలేదు. పదిహేనేళ్ల బెల్లం బరువు అది. ఐదో రోజుకు మూలల కొలతలు రెండూ కలిశాయి. తుప్పు తిన్న చోట రెండు అడుగుల ముక్క కోసి, అదే మందం ఉక్కు అతికాడు. వదులైన రివెట్లు పంతొమ్మిది తీసి కొత్తవి కొట్టాడు. రివెట్లకు బదులు బోల్టులు పెట్టమని గురవయ్య సలహా ఇచ్చాడు. ఆటోనగర్‌లో పని కన్నా సలహా ముందు దొరుకుతుంది.

కమాను కట్టలు బుడేసాహెబ్ చేతికి వెళ్లాయి. గుంటూరు మనిషి. పట్టీలు విడదీసి, సుత్తితో ఒక్కోదాని మీద కొట్టి చెవి పెట్టి విన్నాడు. పగులున్న పట్టీ మోత ఆగిపోతుంది. ఎడమ కట్టలో పెద్ద పట్టీ ఒక్కటే పోయింది. అది కొత్తది చేశాడు. మిగతావి కొలిమిలో కాల్చి, కొట్టి, వంపు తెచ్చి, నూనెలో ముంచాడు. రెండు కట్టలనూ పక్కపక్కన నేల మీద నిలబెట్టి వంపు సరిచూశాడు.

“ఏం బుడేభాయ్, నిలబడతాయా?” అని పరంజ్యోతి అడిగాడు.

“నీ నడుం కన్నా నిలబడతయ్ లేబ్బా,” అన్నాడు బుడేసాహెబ్.

మార్చి పన్నెండున ఇక మిగిలింది తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూయడం. అంతకుముందు ఆఖరిసారి తుప్పు గీకడం. అప్పుడు జరిగింది మొదట్లోనే రాశాను.

తారు పొర లేచి కింద 6, 8, 2, 0 కనబడగానే అతను గ్రైండరు ఆపాడు. పక్కన ఉండాల్సిన మూడు అంకెల చోట నా ఇనుము మెరుస్తోంది. వేలితో తడిమాడు. నున్నగా ఉంది. ముందు కొమ్ము దగ్గరికి వెళ్లి, తను చుట్టిన సున్నా లోపల గుడ్డతో తుడిచాడు. అక్కడ ఏమీ లేదు. స్టూలు మీద కూర్చున్నాడు. పావుగంట తర్వాత సత్యవతికి ఫోన్ చేశాడు. ఆ పావుగంటలో గురవయ్య వచ్చాడు.

“అంకెలు కొట్టే పంచ్ సెట్టు నా దగ్గరుంది. ఆర్సీ చూసి కొట్టేద్దాం. పది నిమిషాలు. పైన కాస్త తుప్పు నీళ్లు పోస్తే ఎవడికీ తెలవదు.”

మర్నాడు సత్యవతి బస్సులో వచ్చింది. నా దగ్గర వంగి చూసింది.

“మీ చేతిలో పెడితే బండి మళ్లీ పుట్టినట్టేనని చెప్పేరండి కడియంలో,” అంది. “పుట్టించి పేరు చెరిపేస్తారని మాత్రం ఎవరూ చెప్పలేదండి.”

“తప్పు నాదేనమ్మా.”

“తప్పు మీదేనండి. బండి నాది కదండీ. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు వొప్పుకోపోతే ఏమవుద్దండి?”

“నంబరు లేని బండి కింద రాస్తారు. రోడ్డెక్కదు. తూకానికే.”

గురవయ్య పంచ్ సెట్టు సంగతి ఆమెకు కూడా చెప్పాడు. ఆమె పూర్తిగా విన్నది.

“దొంగబండికి దొంగ నంబరు కొడతారండి. నా బండి దొంగది కాదు కదండీ. దానికెందుకండీ ఆ ఖర్మ?” అంది. తర్వాత పరంజ్యోతి వైపు తిరిగింది. “మీరొచ్చి ఆయనతో చెప్తారా, నేనే గీకేనని?”

“వస్తానమ్మా.”

“కేసు పెడతారేమోనండి.”

“పెట్టనీండి. చేసింది నేనేగా.”

అతను చొక్కా మార్చుకుని ఆమెతో రవాణా కార్యాలయానికి వెళ్లాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరు జయపాల్ వాళ్లు చెప్పింది రాసుకున్నాడు. ఆ మాటలు నేను వినలేదు. షెడ్డుకు తిరిగొచ్చాక పరంజ్యోతి బుడేసాహెబ్‌కు చెప్పినవి ఇవి: “ఆయనేమన్నాడంటే, పదహారేళ్ల సర్వీసులో నంబరు చెరిగిన బండ్లు వందకు పైగా చూశాట్ట. ఎలక కొరికిందని చెప్పినవాడు కూడా ఉన్నాట్ట. నేనే గీకానని వచ్చినోడు లేడంట.” ఆ మాటతో పని జరగలేదు. నియమం నియమమే. ప్రభుత్వ ప్రయోగశాలకు ఉత్తరం రాస్తానని, వాళ్ల పరీక్షలో తేలిన నంబరు ఆర్సీలో ఉన్నదానితో కలిస్తే రిజిస్ట్రేషన్ కొనసాగుతుందని, ఒక్క అంకె తేడా వచ్చినా బండిని సీజ్ చేస్తానని జయపాల్ చెప్పాడు.

మనుషులు ఒక సంగతి మరిచిపోతారు. నంబరు నా మీద రాసింది కాదు, కొట్టింది. పంచ్ దెబ్బకు పైన కనిపించే గుంట కొంతే. దాని కింద ఇనుము ఇంకా లోతు దాకా నలిగి ఉంటుంది. గుంటను గీకేయవచ్చు. నలిగినదాన్ని సరిచేయడం గ్రైండరు వల్ల కాదు. అయితే పరంజ్యోతి ఎంత లోతు గీకాడో అతనికే తెలియదు. చేయి బలమైనది.

మార్చి ఇరవై ఆరు, మంగళవారం ఉదయం పది గంటలకు ప్రయోగశాల నుంచి శశిరేఖ అనే ఉద్యోగిని వచ్చింది. జయపాల్ ఆమెతో ఉన్నాడు. ఆర్సీ ఒక కవరులో పెట్టి అంటించి ఉంది.

“నంబరు నాకెవరూ చెప్పకండి. సైగలు కూడా చేయొద్దు,” అని ఆమె అందరినీ రెండు గజాలు వెనక్కి జరిపింది.

గరుకు కాగితంతో కుడి పట్టె నునుపు చేసింది. దూదిని ద్రావకంలో ముంచి అరిగిన చోట రాసింది. నలిగిన ఇనుము ఒక రకంగా కరుగుతుంది, నలగనిది ఇంకో రకంగా. పది నిమిషాలకు మొదటి అంకె నీడలా వచ్చింది. ఆమె ఫోటో తీసి “ఐదు” అంది. ఇరవై రెండో నిమిషానికి ఆఖరిది వచ్చింది. “ఏడు.” మధ్య అంకె సగమే వచ్చింది.

“మూడో ఎనిమిదో తెలియడం లేదు,” అంది శశిరేఖ.

షెడ్డులో ఆ అంకె తెలిసినవాళ్లు నలుగురు. సత్యవతి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పరంజ్యోతి గోడ వైపు తిరిగాడు. గురవయ్య ఏదో అనబోతే బుడేసాహెబ్ అతని భుజం మీద చేయి వేసి బయటకు నడిపించాడు.

“టీ తాగుదాం రా. నువ్వే పోయిద్దువు గానీ.”

శశిరేఖ మళ్లీ ద్రావకం రాసింది. మళ్లీ. నాకు నొప్పి ఉండదని మనుషుల నమ్మకం. నేను పట్టు వదల్లేదు. ఆమె కూడా వదల్లేదు. ఐదోసారి కుడి పక్క వంపులు రెండూ స్పష్టపడ్డాయి. ఎడమ పక్క ఏమీ రాలేదు. ఇంకో పది నిమిషాలు చూసింది. అప్పటికీ రాలేదు.

“మూడు,” అని రాసి, సంతకం పెట్టి, సమయం వేసింది. పదకొండు ఇరవై రెండు. అప్పుడు కవరు చించారు. 6820537.

“ఇప్పుడు మాట్లాడొచ్చాండి?” అని అడిగింది సత్యవతి.

“మాట్లాడండి.”

ఆమె స్టూలు మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది.

నాకు ఆ సాయంత్రం రెడ్ ఆక్సైడ్, మర్నాడు నల్ల రంగు పడ్డాయి. కమాను కట్టలు కొత్త బుష్‌లతో, కొత్త యు బోల్టులతో బిగిశాయి. క్యాబిను, పెట్టె నా మీదికి దిగాయి. మార్చి ఇరవై ఎనిమిది, గురువారం జయపాల్ బ్రేకులు, లైట్లు, స్టీరింగు చూశాడు. నా కిందికి దూరి కమాను కట్టలు చూశాడు. మధ్యాహ్నం మూడు నలభైకి రిజిస్ట్రేషన్ ఐదేళ్లు పొడిగిస్తూ సంతకం చేశాడు. పరంజ్యోతి మీద కేసు లేదు. అతను ఫ్రేము పనికి మజూరీ తీసుకోనన్నాడు. తీసుకోకపోతే బండి ఇక్కడే వదిలేసి బస్సెక్కుతానని సత్యవతి అంది. తీసుకున్నాడు.

మార్చి ముప్పై, శనివారం ఉదయం ఆరు నలభైకి కడియంలో లోడు ఎత్తారు. మూడు వందల ఇరవై మందార మొక్కలు, నూట పది కుండీలు. కుండీలు రెండు పక్కలా సమానంగా పెట్టించి సత్యవతి స్టీరింగు పట్టింది. తొమ్మిది గంటల ఐదు నిమిషాలకు అన్నవరం దాటాక హైవే మీద రవాణా శాఖ వాళ్లు బండి ఆపి కాగితాలు అడిగారు. ఆమె కిటికీలోంచి చేయి చాపి ఆర్సీ, ప్రయోగశాల నివేదిక ఇచ్చింది. ఆపిన అధికారి కిందికి వంగి కుడి పట్టె మీద మిగిలిన నాలుగు అంకెలు చూసి, పైకి లేచి, నివేదిక చదివి, కాగితాలు తిరిగి ఇచ్చాడు.