ఆకుల ఓడను ఆపిందెవరు?

"క్యాన్సిలా? ఎవరు చేశారు?"

దామోదర్ ఫోనులోకి అరిచిన అరుపుకి వంటింట్లో వసుమతి చేతిలోని అట్లకాడ కిందపడింది. అది తీసుకునే ధ్యాస కూడా లేకుండా హాల్లోకి పరిగెత్తింది.

గురువారం సాయంత్రం అయిదూ ఇరవై. శనివారం మధ్యాహ్నం న్యూయార్కు రేవులో ఓడ ఎక్కాలి. తీరం వెంబడే కెనడా దాకా వెళ్ళి, ఎర్రగా పసుపుగా మారిన అడవుల్ని వారం రోజులు కళ్ళారా చూసి రావాలి. పెట్టెలు సర్దేశారు. ఏ పెట్టె ఎవరి కారులో ఎక్కించాలో తేల్చుకోవడానికి వచ్చిన ప్రేమానందం, ఆయన భార్య విమలకుమారి సోఫాలో కాఫీ కప్పులతో బిగుసుకుపోయారు. ఓడకి వాళ్ళూ వస్తున్నారు. మొత్తం అయిదుగురు, రెండు గదులు.

దామోదర్ ఫోను పెట్టేసి నుదురు తుడుచుకున్నాడు.

"మన గదులు పోయాయి. మంగళవారం ట్రావెల్ ఏజెన్సీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసిందట. మనలో ఎవరో వద్దన్నారట. ఆ అమ్మాయి చీటీ రాసిపెట్టి వెకేషన్‌కి పోయింది. వద్దన్నవాళ్ళ పేరు రాయలేదు."

"ఏ నంబర్‌కి చేసిందట?" అన్నాడు ప్రేమానందం.

"మీ నంబరూ మా నంబరూ రెండూ ఇచ్చాం కదండీ. ఏదో తెలీదట. ఇంకో మెలిక కూడా పెట్టాడు ఆ ఏజెన్సీ మర్ఫీ. ఓడ కంపెనీ వాళ్ళ రూలట. వద్దన్న మనిషే ఫోన్ చేసి, పేరు చెప్పి, ఆ మాట వెనక్కి తీసుకోవాలి. అదీ ఆరింటిలోగా. ఆరు దాటితే వెయిటింగ్ లిస్ట్‌లో వాళ్ళకి ఇచ్చేస్తారు."

అందరూ గోడ గడియారం వైపు చూశారు. అయిదూ ఇరవై మూడు.

వసుమతి అమెరికాలోని ఈ పిస్కాటవే ఊరు వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఆకుల రంగులు చూడ్డానికి వెళ్దామనుకున్న ప్రతి అక్టోబరులోనూ ఏదో ఒక అడ్డంకి. ఒక ఏడు కూతురు విద్యకి ఆటలమ్మ. ఒక ఏడు దామోదర్‌కి కొత్త ఉద్యోగం. ఒక ఏడు బయల్దేరిన కారు టర్న్‌పైక్ హైవే మీద ఆగి పొగ వదిలింది. ఇన్నేళ్ళలో ఆమె చూసిన ఆకులన్నీ పెరట్లో పోగుచేసి నల్ల సంచుల్లో కుక్కినవే. అందుకే ఈ ఏడు ఫిబ్రవరి నుంచే నడుం బిగించింది. నర్సుగా పనిచేసే విమలకుమారి చేత నాలుగు షిఫ్టులు మార్పించింది. తెలుగు సంఘం పిక్నిక్‌లో కనబడ్డ ప్రతి మనిషికీ చెప్పింది. ఇప్పుడు ఓడ తప్పిపోతే పదో ఏడూ సంచులే గతి.

ఆమె కొంగు బిగించి హాలు మధ్యలో నిలబడింది.

"ఎవరో ఒకరు చేశారు. ఎవరో తేలేదాకా ఈ గదిలోంచి ఒక్కరూ కదలడానికి వీల్లేదు. ఏమండీ, ముందు మీరు చెప్పండి."

"నేనా?"

"నీళ్ళంటే మీకు చచ్చేంత భయం. మొన్న ఫెర్రీలో అరగంట ప్రయాణానికి స్తంభాన్ని కౌగిలించుకుని నిలబడ్డారు. పక్కావిడ ఫోటో తీసుకుంది."

"భయమే. కానీ నీకు భయపడ్డంత కాదు," అన్నాడు దామోదర్. "పైగా వాంతుల మాత్రలు రెండు సీసాలు కొన్నాను. అవేం చేసుకోను?"

ఈ సమాధానంలో నిజాయితీ కనిపించి వసుమతి అతన్ని వదిలేసింది. చూపు సోఫా వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, మీమీద నాకు అనుమానం లేదు. కానీ అడగకా తప్పదు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది మీరే కదా. మీరు లేకపోతే ఎవరికీ శ్రుతి దొరకదని పాస్టరుగారు అలిగారని విన్నాను."

"అలిగిన మాట నిజమేనమ్మా," అన్నాడు ప్రేమానందం కప్పు కింద పెట్టి. "కానీ ఓడలోనూ ఆదివారం వస్తుంది కదా. అక్కడే పాడుకుంటానని ఆయనకి మాటిచ్చాను."

"మా పక్కగదిలోనేనా?" అన్నాడు దామోదర్ దిగులుగా.

"మీరు ఊరుకోండి! విద్యా! కిందికి రా!"

పదిహేనేళ్ళ విద్య మెట్ల మీదే ఆగింది. వచ్చే శుక్రవారం స్కూల్లో ఏటా జరిగే హోమ్‌కమింగ్ డాన్సు. ఓడ వల్ల అది పోతుందని వారం నుంచి అన్నం కూడా గదిలోనే తింటోంది.

"నేను చెయ్యలే, మమ్మీ. ఐ స్వేర్."

"ఏం చేశావని అడగకముందే చెయ్యలేదంటున్నావేం?"

"నువ్వు షౌట్ చేస్తుంటే పైకి అంతా వినపడ్డది!"

అయిదూ ముప్ఫై అయిదు. విమలకుమారి కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"వదినా, ఇలా ఒక్కొక్కరినీ నిలదీస్తూ కూర్చుంటే ఆరు కొడుతుంది. ఆ అమ్మాయి రాసిన చీటీ మొత్తం చదవమనండి. పేషెంటు ఏం చెప్పినా మేం చార్టు చూడందే నమ్మం."

దామోదర్ మళ్ళీ డయల్ చేశాడు. మర్ఫీ చదువుతుంటే తను విన్నది విన్నట్టు తెలుగులో అప్పజెప్పాడు.

"ఓడ కింది అంతస్తులో పైపు పగిలి మన పాత గదులు మూసేశారట... వాటి బదులు పైన కిటికీ గదులు, అదే ధరకి, ఇస్తామన్నారట. ఇటువైపు ఒకావిడ... ఆడగొంతేనట... 'అబ్బే, మాకోసం అంత శ్రమ ఎందుకండీ, ఇంకెవరికైనా ఇవ్వండి' అందట. 'ష్యూరా?' అని అడిగితే 'ష్యూర్' అందట. పాత గదుల్లేవు, కొత్తవి వద్దన్నారు. అందుకని క్యాన్సిల్."

ఫోను పెట్టేశాడు. "కిటికీ గదులు ఊరికే ఇస్తామంటే వద్దన్న ఆ మహాతల్లి ఎవరు?"

వసుమతికి గుర్తొచ్చింది. బిగించిన కొంగు వదిలేసింది.

మంగళవారం పొద్దున. పొయ్యి మీద పప్పు. ఫోనులో ఒక పిల్ల గొంతు. పైపులంటూ మొదలుపెట్టి ఏదో చెప్పింది, అది ఓడ వాళ్ళ గొడవే అనుకుంది. తర్వాత కిటికీ గదులన్న మాట వినగానే వసుమతికి ప్రాణం లేచొచ్చింది. అయినా పుట్టి పెరిగిన పద్ధతి ఒకటుందిగా. ఎవరైనా ఏదైనా ఇస్తామంటే గభాల్న చెయ్యి చాచేది మర్యాద తెలియనివాళ్ళు. మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి బలవంతపెడితే, ఇంతగా అంటున్నారు కాబట్టి అని పుచ్చుకోవాలి. ఆమె రెండు మెట్లూ పద్ధతిగా ఎక్కి మూడో మాట కోసం చెవి రిక్కించింది. "థాంక్యూ, బై" అని ఆ పిల్ల పెట్టేసింది. సరే, మళ్ళీ చేస్తుందిలే అనుకుంది. ఓడ ఎక్కాక కిటికీ చూపించి అందరినీ ఆశ్చర్యపరుద్దామని ఎవరికీ చెప్పనూ లేదు. వద్దన్నది కిటికీనే కదా, ప్రయాణాన్ని కాదు కదా!

మూడోసారి అడక్కుండా పోయే దేశం ఒకటుందని తొమ్మిదేళ్ళయినా ఆమెకి ఒంటపట్టలేదు.

అయిదూ నలభై ఆరు.

"ఆడగొంతంటే మనం తప్పించుకున్నాం, దామోదర్ గారూ," అన్నాడు ప్రేమానందం. ఆయన చూపు భార్య మీదికి పోయింది.

"మంగళవారం పగలంతా నేను డ్యూటీలో ఉన్నాను," అంది విమలకుమారి.

ఇక మిగిలింది ఇద్దరు. హాల్లో ఉన్న కళ్ళన్నీ మెట్ల మీదికి లేచాయి. వసుమతి కూడా, తనకి తెలియకుండానే, అటే చూసింది.

"నాకు ఆ రోజు స్కూల్!" అంది విద్య.

"కడుపునొప్పని ఇంట్లోనే ఉన్నావు మంగళవారం," అన్నాడు దామోదర్. "డాన్సు కోసం ఇంత పని చేస్తావా? అందరి సంతోషం పాడుచేస్తావా? ఈ ఏడు డాన్సూ లేదు, వచ్చే ఏడూ లేదు. ముందు ఆ ఫోన్ తీసి సారీ చెప్పు!"

విద్య కళ్ళు నిండాయి. ముక్కు ఎగబీలుస్తూ మెట్లు దిగింది. "ఫైన్! నేనే అని చెప్తా. అందరికీ హ్యాపీయా?"

రిసీవర్ ఎత్తింది. నంబరు తిప్పింది. అటువైపు రింగవుతోంది.

వసుమతి నోరు తెరవకపోతే అయిపోతుంది. గదులు వస్తాయి. ఓడ కదులుతుంది. కిటికీలోంచి అడవులు కనబడతాయి. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఆ కిటికీ పక్కనే ఈ పిల్ల వారం రోజులు ఇదే ముఖంతో కూర్చుని ఉంటుంది.

ఒక్క అంగలో వెళ్ళి రిసీవర్ లాక్కుంది.

"పెద్దవాళ్ళు మాట్లాడాల్సిన విషయం. నువ్వు పక్కకి పో."

"మమ్మీ?"

ఫోను తీగ ఎంత సాగితే అంత సాగదీసి వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ తీగ అయిపోయింది. అందరికీ వీపు పెట్టి, గోడకి ముక్కు ఆనించి, ఇంగ్లీషులో గుసగుసగా మొదలుపెట్టింది.

"మిస్టర్ మర్ఫీ, ఆ గదులు మాకే కావాలి. వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాం."

"సంతోషం. వద్దన్నది ఎవరో చెప్పండి, రాసుకుంటాను."

ఆమె పెదవులు కదిలాయి.

"వినబడలేదండీ. ఇక్కడ టెలెక్స్ మిషన్ మోగుతోంది. గట్టిగా చెప్పండి."

అయిదూ యాభై ఎనిమిది. వసుమతి మరోసారి గోడలోకే గొణిగింది.

"అమ్మా, రెండు నిమిషాల్లో కౌంటర్ మూస్తారు. పేరు!"

వసుమతి ఇటు తిరిగింది. మొగుడి ముఖం చూసింది, సోఫాలోని ఇద్దరినీ చూసింది, చెంపలు తుడుచుకుంటున్న కూతుర్ని చూసింది. ఊపిరి బలంగా పీల్చి, వీధి చివరిదాకా వినబడేలా అరిచింది.

"వసుమతి! వద్దన్నది వసుమతి!"