పాలపొయ్యి పక్క కంప్యూటర్

మొగులయ్య కొడుకు ఇంట్లో ఐసు ఫ్యాక్టరీ పెడుతున్నడని పక్కింటి వాసవాంబ అన్నదట. ఉస్మాన్‌గంజ్‌ల నేను గోనెసంచులు కొంటుంటే దుకాణం ఎల్లప్ప నవ్వుకుంట చెప్పిండు. మొగులయ్య అంటే మా మేనత్త ఆండాలు మొగుడు. ఊరి నుంచి వచ్చి వాళ్లింట్లనే ఉండి నేను డిగ్రీ చదివిన. సంచులు దుకాణంలనే పెట్టి అటు నడిచిన.

గల్లీ మొదట్లనే కోవా వాసన తగిలింది. మామ ఇంటెనక బర్లను కట్టేసి, ఆ పాలతో కోవా కాసి అమ్ముతడు. పరీక్షల రోజుల్లో అత్త కడాయి నా ముందుకు జరిపేది. అడుగంటిన కోవా గీక్కుంట చదివేవాణ్ణి. ఆ ఆవిరికి పుస్తకాల అట్టలు వంకర్లు పోయేవి. ఇప్పటికీ వాటిని తెరిస్తే పాల వాసనే.

ఐసు ఫ్యాక్టరీ ఏం లేదు. అత్త కొడుకు, నా బావమరిది నందు, పొయ్యి పక్కనే కంప్యూటర్ పెట్టి దాని ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ ఉరికిస్తున్నడు. అది మస్తు కాగుతది. చల్లబరచనీకి దాని మీద బిస్కెట్ అంత పలక పెట్టిండు. కరెంటిస్తే పలక ఒక పక్క కాలుతది, ఇంకో పక్క మంచు లెక్క అయితది. ఆ చల్లటి పక్కకు గదిల గాలి తగిలిందా, చల్లనీళ్ల చెంబుకు పట్టినట్టు చుక్కలు పడతయి. చుక్క కింద మదర్‌బోర్డు మీదికి జారితే పని ఖతం.

మొదటి బోర్డు అట్లనే పోయింది. చుక్కలు చూసి అత్త, పాపం, పాలు వడగట్టే గుడ్డను చుట్టూ కుక్కింది. గుడ్డ నీళ్లు తాగి బోర్డును నానబెట్టింది. ఈసారి నందు సందులన్నీ వ్యాజిలిన్‌తో పూడ్చి, ఏసీ గొట్టాలకు చుట్టే నల్ల ఫోమ్ కోసి, గాలి దూరకుండ అతికించిండు. అయినా మామ పాలు కాగబెట్టంగనే ఆవిరికి ఫోమ్ అంచులు తడి. ముందుగదిలకు జరుపుదామంటే నడుమ తలుపే లేదు, ఆవిరి అక్కడికీ వస్తది.

ఎవరి ప్రాసెసర్ ఎక్కువ ఉరుకుతదో చూసే ఆన్‌లైన్ పోటీ ఆదివారం పొద్దుగాల. ఇది గూడ కాలిపోతే ఇంకో బోర్డు లేదు. ఒక్కపూట పొయ్యి ముట్టియ్యొద్దని బాపుకు నువ్వే చెప్పు బావా అని నందు నన్ను పట్టుకున్నడు. ఆ పొయ్యి ఆరిన పొద్దు నేనెరుగ. నందు పుట్టిననాడు కూడా పాలు దించినంకనే మామ దవాఖానకు వచ్చిండని అత్త ఇప్పటికీ దెప్పుతది.

మామ కడాయిల గరిటె తిప్పుతున్నడు. ఊళ్లె వానలు, గడ్డి కరువు చెప్పుకుంట చెప్పుకుంట మెల్లగ అసలు ముచ్చటకొచ్చిన.

"మామా, ఆదివారం ఒక్కపూట పొయ్యి బంద్ పెట్టు. పోరడు మస్తు ఆశ పెట్టుకున్నడు."

నందు గడపల నిలబడ్డడు. అత్త కొంగుతో చేతులు తుడుచుకుంట అటు తిరిగింది. మామ గరిటె ఆపలేదు.

"ఒక్కపూట ఏంది? బర్లను అమ్మిన. శనివారం తోలుకపోతరు. ఇగ ముట్టియ్య."