వెనక్కి నడిచే ఎలుగుబంటి

చల్లగా ఉంది.

ఎడమ బుగ్గ కింద పలక. నున్నటి పలక. దాని చలువ బుగ్గలోంచి దవడలోకి, దవడలోంచి చెవిలోకి మెల్లగా పాకుతోంది...

నడవలో బోర్లా పడి ఉన్నాడు టైల్స్ మేస్త్రీ.

పడలేదు. అది ఆయన మాట. పడాలంటే ముందు నిలబడాలి కదా. ఆయన నిలబడనేలేదు.

ఎవరిదో కొత్త ఇల్లు. వంటగదిలో ఆఖరి పలక అతికించాడు. మోకాళ్ల మీద వెనక్కి జరిగి గడప దాటాడు. లేవబోయాడు. మోకాళ్లు రాలేదు. తుంటి రాలేదు. ఒళ్లంతా ఒక్కసారి సమ్మె కట్టింది — నోటీసు కూడా ఇవ్వకుండా.

"ఏంటి బావా, ఏమన్నా పోగొట్టుకున్నావా?" గుమ్మంలోంచి బావమరిది.

"పరువు. కనిపిస్తే చెప్పు."

బావమరిదిదీ ఆ పనే. ఆ మోకాళ్లింకా కొత్తవి. రెండు చేతులూ చంకల కింద పెట్టి బావని పైకి లాగాడు. లాగుతూ నవ్వాడు. నవ్వుతూ లాగాడు. ఏది ముందో ఆ ఇద్దరికీ తెలియదు.

లోకానికి ముందడుగు గొప్ప.

ఆయనకి వెనకడుగే అన్నం.

లోపలి గోడ దగ్గర మొదలుపెడతాడు. ఒక వరస. వెనక్కి. ఇంకో వరస. వెనక్కి. పరిచిన పలకలన్నీ కళ్లెదురుగా ఉంటాయి — ఆరక, తాకనివ్వక. పరవాల్సిన నేలంతా వీపు వెనక. ముందుచూపు ఉన్నవాడని ఆయన్ని ఎవరూ అనలేదు. అనడానికి లేదు. ఆయన ముందర ఎప్పుడూ అయిపోయిన పనే.

అలా జరిగి, జరిగి, గుమ్మంలోంచి బయటపడతాడు. గుమ్మం పట్టుకుని లేస్తాడు.

తాపీ పని. తాపీగా.

మర్నాడు ఆవిడ వస్తుంది. ఆవిడంటే ఆయన భార్య. ఆరిన పలకల మీద కూర్చుని సందులు పూడుస్తుంది. తెల్ల సిమెంటు, స్పాంజి, తడిగుడ్డ. ఆయన వెనక్కి నడిచిన గదిలో ఆవిడ ముందుకి నడుస్తుంది. ఆయన వదిలిన సందుల్లో ఆవిడ వేళ్లు తిరుగుతాయి.

ఒకే గదిలో ఒకే రోజు ఇద్దరూ పనిచేసింది లేదు. ఎన్నో ఇళ్ల సందులు పూడ్చింది ఆవిడ. వాళ్లిద్దరి మధ్య సందు మాత్రం అలాగే ఉంది —

ఒక రోజంత సందు.

హాలు ఒకటి వచ్చింది. పెద్ద హాలు. పాటలకీ, ఉపన్యాసాలకీ, చప్పట్లకీ కడుతున్న హాలు. ఆయన చేతికి ఇంతవరకు అంత నేల రాలేదు.

కాంట్రాక్టరు సగం పొడుగు, సగం పొట్ట. మాట మాత్రం సగం ఉండదు.

"చూడు మేస్త్రీ. హాలు మధ్యలో గుమ్మాలుండవు, గోడలుండవు. వరస వరసకీ నిన్నెవరు లేపుతారు? నేల పని మొదలయ్యే రోజు నా కళ్ల ముందు ఒక వరస వెయ్యి. ఏమీ పట్టుకోకుండా లే. లేస్తే హాలు నీది. లేవకపోతే మీ బావమరిదిది."

"ఊఁ" అన్నాడు మేస్త్రీ.

"మీ ఆవిడ మాత్రం రావాల్సిందే. సందుల పనికి ఆవిడ తప్ప ఇంకెవరూ వద్దు నాకు."

అంటే — హాలు ఎవరిదైనా ఆవిడ వెళ్తుంది.

తేలాల్సింది ఒక్కటే. ఎవరి వెనక.

ఆ పూట అన్నంలో రాయి లేదు. అయినా ఆయన ఏదో నమల్లేక ఆగాడు. ఆవిడ చూసింది. నీళ్లు ఆయన దగ్గరికి జరిపింది.

కీళ్ల డాక్టరు కీలకమైన మాటే చెప్పాడు. కీళ్లు అరగలేదు. అలిగాయంతే. ఎప్పుడూ ఒకే పని, ఒకే వైపు. వాటికి వేరే దారులు చూపించండి అన్నాడు. ఫలానా మేడ మీద, ఆసనాలు నేర్పే ఫలానా టీచరమ్మ దగ్గర.

మేడ మీద గది. బారుగా కిటికీలు. రబ్బరు చాపలు. తెల్లవారగానే మనుషులు మెట్లెక్కి వస్తారు. చెప్పులు విడుస్తారు. కాసేపటికి మనుషులుండరు.

బస్సు డ్రైవరు ఎలుగుబంటి. పళ్ల డాక్టరు కప్ప. రిటైరైన లెక్కల మాస్టారు బల్లి — గోడ మీద కాదు, నేల మీద. మోచెయ్యీ మోకాలూ ఒకే వైపు కలుస్తాయి, విడిపోతాయి, పొట్ట నేలకి తగిలీ తగలకుండా సాగిపోతుంది. ఇన్నాళ్లూ లెక్కలు చెప్పిన మనిషి ఇప్పుడు ఎవరినీ లెక్కచేయడు.

టీచరమ్మకి ఎముకలున్నాయో లేవో తెలియదు. కుక్కలా నడుం ఎత్తుతుంది. ఎత్తిన నడుం దించుతూ పాములా తల లేపుతుంది. పాము తోక ముడుచుకుని పిల్లి అవుతుంది. ఎక్కడ కుక్క అయిపోయిందో, ఎక్కడ పాము మొదలైందో... చూసేవాడికి దొరకదు.

"నలుగురూ నవ్వుతారేమోనండీ" అన్నాడు మేస్త్రీ, అంచున నిలబడి.

"నాలుగు కాళ్ల మీద ఉన్నవాడికి నలుగురి మొహాలు కనపడవండీ. దిగండి."

దిగాడు. దిగడం ఆయనకి వచ్చు.

ఎలుగుబంటి నడక. అరచేతులు నేలకి. మోకాళ్లు నేలకి తగలకుండా. నడుం పైకి. కదలండి.

అందరూ ముందుకి.

ఆయన వెనక్కి.

ధన్.

"అమ్మో, నా దవడ!" పళ్ల డాక్టరు.

"ఇంకేం, రేపు మీ దగ్గర మీరే క్యూలో నిలబడండి" అన్నాడు డ్రైవరు.

మళ్లీ మొదలు. మళ్లీ వెనక్కి. ఈసారి లెక్కల మాస్టారు ముందే లెక్క కట్టి పక్కకి తప్పుకున్నాడు.

"మేస్త్రీగారూ, రివర్సు గేరు తీయండి బాబూ" — డ్రైవరు.

"నా బండికి ముందు గేర్లు పెట్టలేదయ్యా" — మేస్త్రీ.

నవ్వులు. ఆయన కూడా నవ్వాడు. కానీ చెయ్యి రాలేదు.

టీచరమ్మ ఆ చేతినే చూస్తోంది. కుడి చెయ్యి ముందుకి లేస్తుంది. సాగుతుంది. నేలకి బెత్తెడు ఎత్తున — ఆగిపోతుంది. వాలదు. వాలబోయిన పిట్ట కొమ్మని అనుమానించినట్టు.

"ఏమైంది?"

"తడిగా ఉంటుందండీ."

"ఏది?"

"ముందర."

టీచరమ్మ ఆయన ఎదురుగా కూర్చుంది. తన అరచేతిని ఆ చాప మీద ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది.

"ఆరిపోయింది లెండి" అంది.

ఇంట్లో నడవ ఉంది. ఇరుకైన నడవ. మంచాలు పట్టవు, ఎలుగుబంట్లు పడతాయి.

సాయంత్రాలు ఆయన నాలుగు కాళ్ల మీద నిలబడతాడు. నిలబడే ఉంటాడు. గోడ మీద గడియారం ముందుకి నడుస్తుంది. ఆయన నడవడు.

ఒక రోజు ఆవిడ కొంగు బిగించి దోపుకుంది. ఎదురుగా తనూ చేతులు ఆనించింది.

"ఏమయ్యా, నన్ను చూసి రా. నేలని చూడకు."

ఆవిడ వెనక్కి జరగాలి. ఆవిడకి వెనక్కి రాదు. పుట్టి బుద్ధెరిగి వెనక్కి పని చేసిన మనిషి కాదు. తలుపుకి తగిలింది. చెప్పుల స్టాండుని తన్నింది. ఒక చెప్పు ఆవిడ వీపెక్కి కూర్చుంది.

ఆయన చెయ్యి ముందుకి సాగింది. ఆగింది.

వాలింది.

బరువంతా అరచేతిలోకి వచ్చింది. మణికట్టులోకి, మోచేతిలోకి, భుజంలోకి. ఇన్నాళ్లూ మోకాళ్లు మోసిన మనిషిని చేతులు మొదటిసారి మోశాయి. ఇంకో చెయ్యి. వాలింది. ఆయన ముందుకి. ఆవిడ వెనక్కి. మొహానికి ఎదురుగా మొహం — ఇంత దగ్గరగా, ఇంత కిందగా...

తలుపు తెరుచుకుంది.

"అక్కా! బావా! ఏం వేషాలివి!"

"ఎలుగుబంట్లం రా" అంది ఆవిడ, వీపు మీద చెప్పు అలాగే ఉంచుకుని. "పో, పోయి చెట్టెక్కు."

రోజులు జరిగాయి. ముందుకి.

తుంటి వదులైంది. మడమ నేలని కలిసింది. భుజాల మధ్య ఎక్కడో పాత సిమెంటులా గట్టిపడ్డ చోటు ఒకటి — అదీ కరిగింది. కుక్క నుంచి పాము. పాము నుంచి పిల్లి. పిల్లి నుంచి మళ్లీ ఎలుగుబంటి. ఒకటి విడిచి ఇంకొకటి పట్టుకోవడం కాదు. విడవకుండానే మారడం.

"ఆసనం వెయ్యడం కాదండీ గొప్ప" అనేది టీచరమ్మ. "ఆసనానికీ ఆసనానికీ మధ్య ఏం చేస్తున్నారు? ఊపిరి ఎక్కడుంది? బలమంతా ఆ మధ్యనే."

ఇంటికొచ్చి చెప్పాడు. "టీచరమ్మదీ నీ పనేనే. సందుల పని."

"అయితే నడుం నొప్పి ఉండే ఉంటుంది పాపం."

అన్నిటికంటే చివర లేవడం. నేల విడిచి సాము చెయ్యకూడదంటారు. ఇది నేల విడవడమే సాము.

మోకాళ్ల మీద ఉంటావు. అరచేతులు ముందుకి ఆనిస్తావు. నడుం ఎత్తుతావు, కుక్కలా. ఒక పాదం ఈదుకుంటూ వచ్చి చేతుల మధ్య వాలుతుంది. ఊపిరి వదులుతావు. అంతే — నిలబడి ఉంటావు. గుమ్మం లేదు. గోడ లేదు. బావమరిది లేడు.

ఉదయం మేడ మీద. సాయంత్రం నడవలో. చేతులు ముందుకి, నడుం పైకి, పాదం లోపలికి. ఆలోచన అక్కర్లేనంత దాకా. ఒళ్లే గుర్తుపెట్టుకునేంత దాకా.

ఒళ్లు గుర్తుపెట్టుకుంది.

హాలులో వెలుతురు ఏటవాలుగా పడుతోంది. దుమ్ము వెలుతురులో ఈదుతోంది. నాలుగు వైపులా గోడలు — ఎక్కడో, దూరంగా.

కాంట్రాక్టరు కుర్చీలో. బావమరిది కుర్చీ వెనక. ఆవిడ గుమ్మం దగ్గర, బకెట్టుతో. ఆరాక రావాల్సిన మనిషి. ఇవాళ ఆరకముందే వచ్చింది.

"కానీ మేస్త్రీ."

సిమెంటు పరిచాడు. తాపీతో సర్దాడు. పలక దించాడు. రబ్బరు సుత్తితో తట్టాడు. చెవి పెట్టాడు. డొల్ల లేదు. ఇంకో పలక. తట్టాడు. మట్టం పెట్టి చూశాడు. బుడగ మధ్యలోకి వచ్చి నిలబడింది. ఇంకోటి. వరస సాగుతోంది. దారం గీసినట్టు సాగుతోంది. మోకాళ్లు నొప్పి అనలేదు. అసలేమీ అనలేదు.

చివరి పలక.

సుత్తి పక్కన పెట్టాడు.

ఊపిరి తీసుకున్నాడు.

లేచాడు.

చేతులు ముందుకి. నడుం పైకి. పాదం లోపలికి. కుండలోంచి నీళ్లు వంచినట్టు, కాకపోతే కిందికి కాదు, పైకి. చప్పుడు లేదు. మూలుగు లేదు. హాలు నడిమధ్యలో, దేన్నీ పట్టుకోకుండా, నిటారుగా ఒక మనిషి.

బావమరిది నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు.

కాంట్రాక్టరు కుర్చీలోంచి సగం లేచాడు. అతని చేతులు చప్పట్లకి దగ్గరయ్యాయి —

ఆగాయి.

ఆవిడ నేల వైపు చూస్తోంది.

ఆయన కూడా చూశాడు.

రెండు పలకలు. భుజాలంత దూరంలో రెండు పలకలు. వరసలోంచి దిగిపోయి, ఒకటి ఎడమకి వాలి, ఒకటి కుడికి వాలి. అంచుల్లోంచి తడి సిమెంటు పైకి ఉబికింది. పైన రెండు అరచేతుల ముద్రలు. వేళ్లతో సహా.

పని నేర్చుకునే రోజుల్లో కూడా ఆయన తడి పలక మీద చెయ్యి పెట్టలేదు.

చేతులు ఆనించమన్న టీచరమ్మకి ఈ తడి తెలియదు. తెలిసిన ఆయనకి తట్టలేదు. నడవలో రోజూ ఎదురుగా ఉన్న ఆవిడకీ తట్టలేదు. ఆరిన నేల మీద నేర్చుకున్నారు ముగ్గురూ.

"లేచావు" అన్నాడు కాంట్రాక్టరు. "కాదనను. కానీ పలకలు కూర్చున్నాయి."

"బావా..." అన్నాడు బావమరిది. హాస్యం ఆడబోయినట్టే ఉంది. ఆడలేదు. చెయ్యి మాత్రం సుత్తి వైపు కదిలింది. సాయానికో, హాలుకో.

"నువ్వుండరా" అంది ఆవిడ.

బకెట్టు కింద పెట్టింది. పలకలు పరవని నేల మీంచి, ఆయన వెనక వైపు నుంచి, నడిచి వచ్చింది. ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"జరుగు."

ఆయన కూడా మళ్లీ దిగాడు. దిగడం ఎప్పుడూ వచ్చు.

పలక అంచు కింద తాపీ దూర్చాడు. ఆవిడ అటు పట్టుకుంది. ఎత్తారు. కింద సిమెంటు నలిగిపోయి ఉంది. ఆవిడ గీకింది, ఆయన కొత్తది పోశాడు. ఆయన పోశాడు, ఆవిడ సర్దింది. పలక దింపారు. సుత్తి ఆయనది. చెవి ఆవిడది — వంగి, బుగ్గ నేలకి దగ్గరగా పెట్టి విన్నది.

"ఇటు పక్క ఇంకొక్కటి."

తట్టాడు.

"చాలు."

రెండో పలక. అలాగే. ఎవరి చెయ్యి ఎప్పుడు వచ్చి ఎప్పుడు తప్పుకుంటోందో కుర్చీలోంచి చూస్తే తెలియదు. బావమరిదికి కూడా తెలియలేదు. అతను ఇద్దరి పనీ విడివిడిగానే చూశాడు ఇన్నాళ్లూ.

ఆవిడ తడిగుడ్డతో ఆ ముద్రలు తుడిచింది. మట్టం పెట్టింది. బుడగ అటూ ఇటూ తిరిగి మధ్యకి వచ్చింది.

వరస మళ్లీ వరస అయింది.

"ఊఁ" అన్నాడు కాంట్రాక్టరు. కుర్చీ సర్దుకున్నాడు. "ఇప్పుడు లే."

ఆవిడ లేవలేదు. పక్కనే ఉంది. చెయ్యి చాపలేదు. ఆవిడ భుజం మాత్రం ఆయన చేతికి అందేంత దూరంలో ఉంది. అది అక్కడ ఉన్నట్టు ఆయనకి తెలుసు. కాంట్రాక్టరుకీ తెలుసు. పట్టుకుంటే హాలు పోయినట్టే.

ఆయన ఊపిరి తీసుకున్నాడు.

ఒళ్లు తనకి తెలిసిన దారి పట్టబోయింది. అరచేతులు ముందుకి లేచాయి. సాగాయి. పలకలకి బెత్తెడు ఎత్తున ఆగాయి —

అక్కడే ఉన్నాయి.

తాకకుండానే, కింద నుంచి తడి, అరచేతుల్లోకి...

చల్లగా.