చుక్కల్లో అంకె

ఉదయ్‌కుమార్ తన ముందున్న దారినంతా తల్లి కుట్టుమిషను పక్కన కూర్చునే చెప్పేవాడు. చోడవరంలో జాకెట్లు కుట్టే నూకరత్నానికి ఆ పేర్లు మొదట్లో నోరు తిరగలేదు. వినగా వినగా వంటబట్టాయి. కాలేజీ ఎన్‌సీసీలో సి సర్టిఫికెట్ వస్తే రాతపరీక్ష లేకుండా నేరుగా ఆర్మీ ఆఫీసరు ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు. అందులో నెగ్గితే చెన్నైలో ట్రైనింగు, ఆపైన లెఫ్టినెంటు. అక్కడితో ఆగడు. విమానాల్లోంచి దూకే కమాండోల దళానికి పేరిస్తాడు. అక్కడ నెలల తరబడి ఒళ్లు హూనం చేస్తారట. నిలబడ్డవాళ్లకే మెరూన్ టోపీ పెడతారట. ఎక్కువమంది నిలబడలేక వెనక్కొచ్చేస్తారట.

"నువ్వూ వచ్చేస్తేనో?" అని అడిగిందొకసారి.

"నేను రానమ్మా," అన్నాడు.

ఆమె నమ్మింది. ఇసక నింపిన సంచి వీపుకి కట్టుకుని వాడు వడ్డాది రోడ్డు మీద పరిగెడుతుంటే చూసినవాళ్లంతా నమ్మారు. సర్టిఫికెట్ వచ్చింది. బెంగుళూరు ఇంటర్వ్యూలో తనతో వెళ్లినవాళ్లు చాలామంది మొదటిరోజే రైలెక్కేశారు గానీ, ఉదయ్ చివరిదాకా ఉండి నెగ్గాడు. ఆ కబురు వినగానే తండ్రి పరదేశి చెరుకుతోటలోంచి బురదకాళ్లతోనే వచ్చి వీధంతా మాడుగుల హల్వా పంచాడు.

మిగిలింది మిలటరీ ఆసుపత్రిలో వైద్యపరీక్ష. దాన్నెవరూ పట్టించుకోలేదు. అంత గట్టి ఒళ్లు వాడిది.

అక్కడే ఆపేశారు. రంగురంగుల చుక్కల బొమ్మలు చూపించి, లోపల దాగిన అంకె చెప్పమంటే ఒక్కటీ చెప్పలేకపోయాడు. ఎర్రదీపమేదో పచ్చదీపమేదో తేల్చలేకపోయాడు. అన్‌ఫిట్ అన్నారు. అప్పీలు చేసుకుంటే ఇంకో బోర్డు చూసి అదే మాట అంది.

"ఎవర్నన్నా పట్టుకుంటే అవ్వదేటి?" అన్నాడు పరదేశి.

"కళ్లకి ఎవర్ని పట్టుకుంటాం నాన్నా?"

పరదేశి తువ్వాలు భుజాన వేసుకుని తోటకి వెళ్లిపోయాడు.

రోజంతా రంగుల మధ్య బతికే తనకి కొడుకు కళ్ల సంగతి ఇన్నాళ్లూ ఎలా తెలియలేదో నూకరత్నానికి అంతుపట్టలేదు. వాణ్ని దారానికి పంపినప్పుడల్లా గుడ్డముక్క చేతికిచ్చేది. షాపతనే జత చూసి ఇచ్చేవాడు. మరి తెలిసేదెలా?

నేర్పిస్తే వస్తుందేమో అనుకుంది. దారపురీళ్లన్నీ చాప మీద పోసి కొడుకుని కూర్చోబెట్టింది.

"ఇదేటి రంగు?"

"ఎరుపు."

"మరిది?"

వాడు రీలు పట్టుకుని వెలుతురుకేసి తిప్పాడు. "ఇదీ... ఎరుపేనా?"

అది ఆకుపచ్చ. "మనసుపెట్టి సూడు బాబూ," అంది. వాడు మనసు పెట్టాడు. నుదుట చెమట పట్టేదాకా చూశాడు. సాయంత్రానికి అన్నీ తప్పులేకుండా చెప్పాడు. ఆమె సంబరపడి రీళ్ల వరస మార్చింది. మళ్లీ అన్నీ తప్పే.

ఫోనులో ఆ చుక్కల బొమ్మ తెరిచి చూపించాడు వాడు. అందులో ఎనిమిది ఆమెకి ఇట్టే కనిపించింది. "ఇదిగోరా, ఇలా తిరిగింది," అంటూ వేలితో దిద్దింది.

"నువ్వు దిద్దుతంటే తెలుస్తందమ్మా. వేలు తీసేస్తే ఉత్త చుక్కలే."

మర్నాడు ఎవరికీ చెప్పకుండా అనకాపల్లి బస్సెక్కి కళ్లడాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. పుట్టుకతో వచ్చిందన్నాడు. దీనికి మందు లేదు, ఆపరేషనూ లేదు. "మీ నాన్నగారికి గానీ అన్నదమ్ములకి గానీ ఉందా? ఇది తల్లివైపు నుంచి వస్తుందమ్మా," అన్నాడు.

రావికమతంలో, పుట్టింట్లో తన తండ్రి పండుమిరపకాయలు కొయ్యమంటే పచ్చివి కూడా కోసుకొచ్చేవాడు. ఇంటిల్లిపాదీ నవ్వేవారు. నూకరత్నం లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చి కొడుకు ముందు కూలబడింది. "నా వల్లేనటరా. నానే ఇచ్చేనట నీకు."

"తెలుసమ్మా. నెట్‌లో సూసేను."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే ఏటి సేస్తావు?" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది.

వారం తిరక్కుండా కాలేజీలో ఎన్‌సీసీ చూసే హరిబాబు మాస్టారు ఫోను చేశారు. కొత్త కేడెట్లకి ఇంటర్వ్యూ సంగతులు వచ్చి చెప్పమన్నారు. వీడు తప్ప ఆ కాలేజీ నుంచి అంతదూరం వెళ్లినవాడు లేడు.

"ఎల్లకురా," అంది నూకరత్నం.

"మాస్టారు అడిగేరు కదమ్మా." చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్లాడు.

మధ్యాహ్నానికి వచ్చేశాడు. ఏమైందని అడిగింది. "సెప్పేను. ముందు కళ్లు సూపించుకోండన్నాను. అందరూ సప్పట్లు కొట్టేరు," అన్నాడు. చొక్కా అయినా విప్పకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నూకరత్నం మంచం పట్టె మీద కూర్చుంది. వీపు మీద చెయ్యి వేద్దామనుకుంది. వేస్తే ఏడుస్తాడేమోనని ఒకపక్క భయం, ఏడవడేమోనని ఇంకో భయం. గుమ్మంలో ఎవరో జాకెట్టు అయిందా అని అడిగారు. రేపు రమ్మని సైగ చేసి, అలాగే కూర్చుండిపోయింది.